నిలువుగా పడిన ముద్ర

జనవరి 19, సోమవారం
తుమ్ములు: 0

ముక్కు డాక్టరు చెప్పాడని ఈ పుస్తకం కొన్నాను. రోజుకి ఎన్ని తుమ్ములు వచ్చాయో రాసుకోవాలట. సుగి చెట్ల పుప్పొడి ఎగరడానికి ఇంకా రెండు మూడు వారాలుంది కానీ, ముందే అలవాటు చేసుకోమన్నాడు. ఏప్రిల్లో అంకెలన్నీ ఒక కాగితం మీద ఎక్కించి పంపితే మందు మోతాదు తేలుస్తాడు. మందులు తెచ్చేది ఎలాగూ మా ఆవిడ సుమియే కాబట్టి కాగితం ఆవిడ చేతికిస్తే చాలన్నాడు.

"అబద్ధం మాత్రం రాయకండి కువబారా గారూ" అని కూడా అన్నాడు. తుమ్ముల మీద అబద్ధం రాసేవాడు ఎక్కడైనా ఉంటాడా!

ఒక్క అంకె రాసేసరికి పేజీ అంతా ఖాళీగా మిగిలింది. వృథా పోనివ్వడం మా కంపెనీ సంస్కృతి కాదు. మేముండే ఉనొహారా నుంచి ఆఫీసుకి ఎక్స్‌ప్రెస్‌లో ఇరవైరెండు నిమిషాలు. ఆ కాసేపూ ఏదో ఒకటి గీకుతాను.

జనవరి 22, గురువారం
తుమ్ములు: 0

ఈరోజు ఉనొహారా దగ్గర చిన్న గీత ఒకటి చెరిపాను.

కసుమోరి రైల్వేలో ఇరవైఎనిమిదేళ్లుగా నా ఉద్యోగం గీతలు గీయడం. పెద్ద కాగితం మీద నిలువునా స్టేషన్లు, అడ్డంగా గడియారం. ఒక్కో బండికీ ఒక్కో వాలు గీత. బండి ఆగిన చోట గీత కాస్త పడుకుంటుంది, ఆగని చోట పడుకోకుండా సాగిపోతుంది. మార్చి 28 నుంచి వచ్చే కొత్త టైంటేబుల్లో ఎక్స్‌ప్రెస్ ఉనొహారాలో పడుకోదు.

మా లైను మీద ఆరు రకాల బళ్లు తిరుగుతున్నాయి. అన్నిట్లో ఆగేది, సగం ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్, ఆఫీసు వేళల ఎక్స్‌ప్రెస్, వేగ ఎక్స్‌ప్రెస్, ప్రత్యేక ఎక్స్‌ప్రెస్. వేగ ఎక్స్‌ప్రెస్‌కి ఎక్స్‌ప్రెస్ కన్నా రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ముందు ఎక్స్‌ప్రెస్ పోతూ ఉంటే వెనకున్నది ఏం చేస్తుంది పాపం! పదేళ్లలో ఒక్క ప్రయాణికుడూ ఇదేమిటని అడగలేదు. అడగాలంటే ముందు అర్థం కావాలి కదా.

ఉనొహారాలో ఆగకపోతే నిమిషం నలభై సెకన్లు మిగులుతుంది. దాంతో కంపెనీ కొండ తవ్వి ఫ్లాట్లు కట్టిన మినెజుకాకి "టోక్యో నుంచి ఇరవైతొమ్మిది నిమిషాలే" అని పోస్టరు వేసుకోవచ్చు. మినెజుకా దాటాక అదే ఎక్స్‌ప్రెస్ ఓతోబాషిలో ప్రత్యేక ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి నిలబడుతుంది. ఎంతసేపు? నిమిషం నలభై సెకన్లు. లెక్క నాకు తెలుసు, గీసింది నేనే.

పదిహేడేళ్ల క్రితం సుమియెని ఈ ఊళ్లో కాపురానికి ఒప్పించింది "ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది" అనే ఒక్క మాటతోనే. రెండో మాట చెప్పలేదు, చెప్పడానికి ఊళ్లో రెండోది లేదు.

నేను గీత మాత్రమే గీస్తాను. నిర్ణయాలు చేసేవాళ్లు వేరే ఉన్నారు. కత్తి చేసిన కమ్మరిని హంతకుడు అనరు. సుమియెకి ఇంకా చెప్పలేదు. ఖరారు కాని సంగతి ఇంట్లో చెప్పడం ఉద్యోగధర్మం కాదు.

ఫిబ్రవరి 3, మంగళవారం
తుమ్ములు: 1

వేయించిన సోయా గింజలు విసిరి దయ్యాన్ని తరిమే రోజు. మా ఇంట్లో దయ్యం వేషం ఏటా నాదే. "దయ్యం బయటికి!" అంటూ సుమియె ఈసారి గురి చూసి నుదుటి మీద కొట్టింది. ఆవిడకి ఇంకా ఏమీ తెలియదు. తెలియకుండానే అంత గురి!

ఫిబ్రవరి 9, సోమవారం
తుమ్ములు: 4

కొత్త టైంటేబుల్ ఆమోదం కాగితం బయల్దేరింది. సంతకాలుండవు, ముద్రలే. వరసగా గళ్లు. కుడి చివర చిన్నవాడి గడి, ఎడమ చివర డైరెక్టరు హతకెదా గడి. నాది పెళ్లినాటి నుంచీ వాడుతున్న గుండ్రటి ముద్ర, అందులో ఇంటిపేరు. చిన్నవాడు ముద్ర వేసేటప్పుడు దాన్ని కాస్త ఎడమకి వంచాలి. అప్పుడు ఆ ఇంటిపేరు పక్క గడిలోని పెద్దాయనకి వంగి దణ్ణం పెట్టినట్టు కనిపిస్తుంది. అందరికన్నా పైనున్నాయన ఒక్కడే నిటారుగా వేసుకుంటాడు. ఇది ఏ నియమావళిలోనూ లేదు. చేరిన మొదటి వారంలో ఎవరో చెవిలో చెబుతారు, అంతే. నా వంపు పదిహేను డిగ్రీలు. కోణమానిని పెట్టి చూసుకోవచ్చు. ఆఫీసులో కొత్తవాళ్లకి నా ముద్రలే చూపించి నేర్పుతారు. నాకంటూ ఉన్న కీర్తి అదొక్కటే.

మా సెక్షన్ హెడ్ నగకురా ఏప్రిల్ ఒకటిన హెడ్డాఫీసుకి వెళ్తున్నాడు. ఆ కుర్చీ నాదేనని అందరూ అంటున్నారు. నేనేమీ అనడం లేదు.

సాయంత్రం 6:12కి దిగాను. మెట్లు దిగగానే కిను పెద్దమ్మ కొరోకే దుకాణం. ఉడికించిన బంగాళదుంప ముద్దలు నూనెలో వేగుతుంటే ఆ వాసనకి 6:12 ఎక్స్‌ప్రెస్ సగం అక్కడే ఆగిపోతుంది. ఆరేళ్లుగా మూడింటి నుంచి ఏడింటిదాకా అక్కడ మూకుడు దగ్గర నిలబడేది సుమియె. ఈరోజు పంటి డాక్టరు దగ్గరికి వెళ్లిందట, పెద్దమ్మే వేయిస్తోంది.

"ఏం అబ్బాయ్, మొహం అలా వేలాడేశావ్? మీ రైలు గానీ పట్టాలు తప్పిందా?"

"పుప్పొడి పెద్దమ్మా."

"పుప్పొడి పడితే ముక్కు కారుతుంది, మొహం కారదు. ఇదిగో, చితికిపోయిందొకటి ఉంది, తిను. మంచివి అమ్ముకోవాలి."

"ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగకపోతే ఈ దుకాణం ఏమయ్యేది?" అన్నాను, ఊరికే.

"ఏమయ్యేది! ఎప్పుడో మూసేసి, నేను కూడా కళ్లు మూసుకుని సుఖపడేదాన్ని. లోకల్లో వచ్చేవాడు తాపీగా ఇంటికెళ్లి అన్నం తింటాడురా. ఆకలంతా ఎక్స్‌ప్రెస్ దిగేవాడిదే. నువ్వు అదే కంపెనీలో ఉండి ఆ మాత్రం తెలీదూ?"

కొరోకే చితికినా బాగుంది.

ఫిబ్రవరి 16, సోమవారం
తుమ్ములు: 5

రేపు కాగితం నా బల్లకి వస్తుంది. వస్తే వస్తుంది.

ఫిబ్రవరి 17, మంగళవారం
తుమ్ములు: 0

పొద్దున్నుంచీ చలి వాన. మాస్కు కూడా పెట్టుకోలేదు.

ఆఫీసంతా సమావేశం గదిలో టీవీ ముందు చేరింది, నగానో ఒలింపిక్స్‌లో స్కీ జంప్. నా బల్ల మీద కాగితం. చుట్టూ ఎవరూ లేరు. ముద్ర వేశాను. నిలువుగా పడింది.

అటు నుంచి ఒక్కసారిగా కేకలు. బంగారు పతకమట. కాగితం నగకురా ట్రేలో పెట్టి నేనూ వెళ్లి చప్పట్లు కొట్టాను. చాలాసేపు కొట్టినట్టున్నాను, అందరూ ఆపేశాక చూసుకున్నాను.

ఫిబ్రవరి 18, బుధవారం
తుమ్ములు: 6

నగకురా నిన్నటి సంబరంలో చూసుకోకుండా తన ముద్ర వేసి కాగితాన్ని పైకి తోసేశాడు. డైరెక్టరు హతకెదా చూశాడు. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడని సెక్రటరీ చెప్పిందట.

నగకురా నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఏమోయ్ కువబారా, నడుం ఎలా ఉంది?"

"బానే ఉంది సార్."

"బానే ఉందా! అదేనయ్యా నా భయం. నీ ముద్ర చూశాను. మరీ... ఆరోగ్యంగా ఉంది."

అప్పుడే నోటికి వచ్చింది. "తుమ్ము వచ్చింది సార్."

"తుమ్మా?"

"పుప్పొడి సార్. సరిగ్గా ముద్ర నొక్కేవేళకి."

"తుమ్మితే ముద్ర వంకర పోతుందోయ్. తుమ్మి తిన్నగా నిలబడ్డవాణ్ణి నా జన్మలో చూళ్లేదు. ఇంతకీ నువ్వు ఉండేది ఆ ఉనొహారాలోనే కదూ?"

తుమ్మే. ఇప్పుడు బాగా గుర్తొస్తోంది. ముద్ర ఎత్తాను, ముక్కు దురద పెట్టింది, అటు కేకలు, ఇటు తుమ్ము. ఇరవైఎనిమిదేళ్లుగా వంగిన చెయ్యి తుమ్ముతో తప్ప ఎలా నిటారవుతుంది?

ఫిబ్రవరి 20, శుక్రవారం
తుమ్ములు: 9

కాగితం డైరెక్టరు బల్ల మీదే ఉంది. ఆయన ముద్ర వేయడం లేదు, వెనక్కి పంపడం లేదు. కింది ఉద్యోగి ఒకడు అభ్యంతరపెట్టిన కాగితాన్ని ఆమోదిస్తే రేపేదైనా జరిగితే మాట పడాలి. పోనీ నన్ను పిలిచి నీ అభ్యంతరమేమిటని అడుగుదామంటే, నేను ఏ అభ్యంతరమూ చెప్పలేదు. నా ముద్ర నిలబడింది, అంతే.

కొత్త కాగితం తయారు చేయొచ్చు. కానీ కొత్త కాగితానికి "మళ్లీ తయారు చేయుటకు కారణం" అనే గడి ఉంటుంది. ఏమని నింపుతారు? కువబారా దణ్ణం పెట్టలేదని రాయాలి. అలాంటి ఆచారం మా కంపెనీలో లేదని రెండేళ్ల క్రితం పత్రికవాళ్లు అడిగితే ఇదే డైరెక్టరు చెప్పాడు. లేని ఆచారాన్ని ఎవడో తప్పాడని ఎలా రాస్తారు?

కర్ర విరగదు, పాము చావదు. మూడు అంతస్తుల మేనేజర్లు మూడు రోజులుగా నా నడుం గురించి అడుగుతున్నారు. నాకు కాపడం సంచీ ఒకటి బహుమతిగా వచ్చింది.

ఫిబ్రవరి 24, మంగళవారం
తుమ్ములు: 11

డైరెక్టరు నుంచి చీటీ వచ్చింది. ఉనొహారాలో ఎక్స్‌ప్రెస్ ఆగడం ఎప్పుడు, ఎందుకు మొదలైందో ఒక పేజీలో రాసి పంపాలట. నా దగ్గర ఏదో పెద్ద ఆధారం ఉందని భయపడుతున్నట్టున్నాడు. నేలమాళిగలోని పాత కాగితాల గదికి వెళ్లాను.

రెండేళ్ల క్రితం వేసిన మా డెబ్భై ఏళ్ల చరిత్ర పుస్తకంలో అన్నీ ఉన్నాయి, నిజం తప్ప. 1926లో ఈ లైను "భక్తుల సౌకర్యార్థం" వేశారని ఉంది. వేసింది నదిలో కంకర తోలుకోవడానికి. కంకర అయిపోయాకే భక్తులు గుర్తొచ్చారు. యుద్ధకాలంలో "వ్యవసాయ సహాయ సేవ" నడిపామని ఒక్క వాక్యం ఉంది. అసలు కాగితాల్లో చూస్తే టోక్యో మరుగుదొడ్ల సరుకు పొలాలకి తీసుకెళ్లి, తిరుగు బండిలో చిలగడదుంపలు తెచ్చేవాళ్లం. అవే పెట్టెలు. పుస్తకంలో ఆ పేజీకి చెర్రీపూల ఫొటో వేశారు.

ఉనొహారా సంగతి 1955 కట్టలో దొరికింది. అప్పుడు ఒక్కటే పట్టా. ఎక్స్‌ప్రెస్ ఎదురుబండి కోసం ఉనొహారాలో మూడు నిమిషాలు తలుపులు మూసుకుని నిలబడేది. స్టేషన్‌మాస్టరు హిరుకావా అనే ఆయన పైకి రాసిన కాగితం ఇది:

"బండి ఎలాగూ నిలబడుతోంది. లోపలివాళ్లు దిగలేక అద్దానికి మొహాలు ఆనిస్తున్నారు, బయటివాళ్లు ఎక్కలేక చూస్తున్నారు. అందుచేత నిన్నటి నుంచి తలుపులు తీయించాను. మూయమని ఉత్తర్వు వస్తే మూయిస్తాను."

ఉత్తర్వు రాలేదు. 1971లో రెండో పట్టా వేశాక ఆగే అవసరమూ లేకపోయింది, అయినా ఉత్తర్వు రాలేదు. నలభైమూడేళ్లుగా ఉనొహారాలో ఎక్స్‌ప్రెస్ ఆగడానికి కారణం, ఆపొద్దని ముందు ముద్ర వేసే ధైర్యం ఎవరికీ లేకపోవడమే. ఇప్పుడు ఆ ధైర్యం చేసిన మొదటివాణ్ణి నేను కావాలి.

హిరుకావా ముద్ర చూశాను. నిలువుగా ఉంది. పక్కనే జిల్లా అధికారి గడి, అయినా వెంట్రుకవాసి కూడా వంగలేదు. ఆయనకీ పుప్పొడి పడదేమో అనుకున్నాను. కానీ కొండల మీద సుగి మొక్కలు నాటింది యుద్ధం అయ్యాకే. 1955కి అవి మోకాలెత్తు ఉండి ఉంటాయి. అప్పట్లో ఎవరూ తుమ్మలేదు.

ఒక పేజీ రాసి పంపాను. ముద్ర సంగతి రాయలేదు, అడగలేదు కనక.

ఫిబ్రవరి 27, శుక్రవారం
తుమ్ములు: 14

ఊరికి తెలిసిపోయింది. ఉనొహారా స్టేషన్‌మాస్టరు ఎక్కడో విన్నాడు, కొరోకే కొంటూ కిను పెద్దమ్మకి చెప్పాడు. పెద్దమ్మకి చెబితే మైకులో చెప్పినట్టే. 6:12కి దిగేసరికి దుకాణం ముందు ఇరవై మంది.

"ఇదిగో వచ్చాడు! కంపెనీ మొత్తం ఒకవైపు, మన కువబారా ఒక్కడూ ఒకవైపు. ముద్ర నిలబెట్టేశాడంటర్రా!"

"పెద్దమ్మా, అది..."

"నోర్ముయ్, తిను. ఇది చితికింది కాదు."

బియ్యం కొట్టు ఆయన భుజం తట్టాడు. తాళాల కొట్టు ఆయన వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. మరీ పదిహేను కాదు, నలభైఅయిదు డిగ్రీలు. జన్మలో ఎవరూ నాకు అంత వంగలేదు. ఆ సమయంలో తుమ్ము ప్రస్తావన తేవడం మర్యాద కాదనిపించింది.

సుమియె మూకుడు వెనక నిలబడి నన్నే చూస్తోంది. ఇంటికి నడుస్తున్నప్పుడు అంది:

"ఏమండీ, నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"ఖరారు కాని సంగతి..."

"ఇరవైనాలుగేళ్ల కాపురంలో మీరు హోటల్లో కూడా పక్కవాళ్లు ఏం చెప్పారో అదే చెప్పారు. అలాంటిది..." అని ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది. వీధిలో! ఎదురుగా చేపల కొట్టతను చూస్తూ ఉన్నాడు.

ఆ గీత చెరిపింది ఎవరని ఆవిడ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణే.

మార్చి 2, సోమవారం
తుమ్ములు: 19

నడక మారిందని సుమియె అంటోంది. "వీపు తిన్నగా ఉంది" అంది. కాపడం సంచీ పనిచేస్తోందేమో.

మార్చి 6, శుక్రవారం
తుమ్ములు: 16

డైరెక్టరు హతకెదా స్వయంగా టీకి పిలిచాడు. మూడో అంతస్తు దాటి పైకి వెళ్లడం ఇదే మొదటిసారి.

"కువబారా గారూ, మీ చరిత్ర పేజీ చదివాను. ఆ హిరుకావాలాంటి మనుషులు ఇప్పుడేరండీ! కళ్లు చెమర్చాయి. కంపెనీ పత్రికలో వేయిద్దాం."

"అలాగేనండి."

"అన్నట్టు ఆ టైంటేబుల్ కాగితంలో ఒక తప్పు దొరికింది. సంవత్సరం పాతది పడింది. హెయ్‌సెయ్ పదో సంవత్సరం అని ఉండాల్సింది తొమ్మిది అని ఉంది. పదకొండు ముద్రలు పడ్డాయి, ఒక్కరూ చూసుకోలేదు. ఎంత సిగ్గుచేటు!" అన్నాడు. మొహం మాత్రం మనవడు పుట్టినవాడిలా వెలిగిపోతోంది.

మా కంపెనీలో ఒక తప్పు దొరికినందుకు ఇంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. కొత్త కాగితం బుధవారం నా బల్లకి వస్తుంది. "మళ్లీ తయారు చేయుటకు కారణం" గడిలో నిజాయితీగా "సంవత్సరం తప్పు" అని రాసుకోవచ్చు. పోస్టర్లంటారా, అవి జనవరిలోనే అచ్చయి గోదాములో ఉన్నాయి.

"మీకు మళ్లీ శ్రమ ఇస్తున్నాం. నగకురా వెళ్లాక ఆ సెక్షన్ మీరే చూసుకోవాలి మరి. ఆరోగ్యం జాగ్రత్త. నడుం సంగతి చూసుకోండి."

"చూసుకుంటానండి" అన్నాను. వంగే అన్నాను.

మార్చి 9, సోమవారం
తుమ్ములు: 2

వాన పట్టుకుంది. పెద్దమ్మ అడిగింది: "ఏం అబ్బాయ్, మన బండి ఆగుతుందిగా?" సుమియె మూకుడు దగ్గర్నుంచి నా బదులు చెప్పేసింది: "ఆయన ఉన్నారుగా పెద్దమ్మా."

రెండు కొరోకేలు తిన్నాను. రుచి తెలియలేదు. జలుబేమో.

మార్చి 10, మంగళవారం
తుమ్ములు: 0

వాన. రేపు కూడా వానేనట.

కాగితం మీద నా ముద్ర ఏ పక్కకి ఉన్నా మిగతా పది ముద్రలూ వంగే ఉంటాయి. ఒక్కడి వల్ల ఏమవుతుంది? అయినా పోయినసారి ఒక్కడి వల్లే మూడు వారాలు ఆగిందిగా! ఆగితే ఏమైంది, హిరుకావాది కూడా నలభైమూడేళ్లే ఆగింది. ఈ తర్కం ఎటు తిప్పినా మళ్లీ నా బల్ల దగ్గరికే వస్తోంది.

మార్చి 11, బుధవారం
తుమ్ములు: లెక్కపెట్టలేదు

ముద్ర వేశాను.

మార్చి 13, శుక్రవారం
తుమ్ములు: 12

వాన నిన్న వెలిసింది. ఈరోజు స్టేషన్లలో పోస్టర్లు అంటించారు. నేను 6:12కి దిగేసరికి దుకాణం ముందు ఎవరూ లేరు. పెద్దమ్మ వెనక్కి తిరిగి దుంపల తొక్క తీస్తోంది. సుమియె ఏప్రన్ విప్పేసి నాకోసమే నిలబడి ఉంది. నాకన్నా ముందు ఇంటికి నడిచింది. చెప్పులు విడిచాక అడిగింది.

"మీరు ముద్ర వేశారా?"

"వేయక తప్పదు కదా. అందరూ..."

"నేను అడిగింది అది కాదు. ఎలా వేశారు?"

"నిలువుగానే వేయబోయాను సుమియె. సరిగ్గా అప్పుడే మళ్లీ తుమ్ము వచ్చింది. వంగిపోయింది."

ఆవిడ లోపల ఆరేసిన బట్టల వైపు చూసింది.

"మూడు రోజులు వాన కురిసిందండీ. వానలో పుప్పొడి ఎగరదు. బట్టలు లోపల ఆరేస్తూ, పోనీలే ఈ మూడు రోజులు మీ ముక్కుకి సుఖం అని నేనే అన్నాను." తర్వాత అడిగింది: "మళ్లీ అంటే?"

"ఏమిటి?"

"మళ్లీ తుమ్ము వచ్చింది అన్నారు. మళ్లీ అంటే?"

అప్పుడు చెప్పేశాను. మొదటిసారి నిలువుగా పడింది కూడా తుమ్ము వల్లేనని, నేను ఎవరినీ ఎదిరించలేదని, ఎదిరించానని నా నోటితో ఎప్పుడూ అనలేదని. అది నిజమేగా, అనలేదు. అనవసరంగా గౌరవించింది వాళ్లే. ఆ ఊపులో ఉనొహారా దగ్గర గీత చెరిపింది నేనేనని కూడా చెప్పాను. ఒకేసారి చెప్పేస్తే తేలికవుతుందనుకున్నాను.

సుమియె తన చెప్పులూ నా చెప్పులూ గోడవారగా సర్దింది. చివరికి "ఆ రెండు వారాలు బాగున్నాయి" అని, బట్టలు మడతపెట్టడానికి లోపలికి వెళ్లింది.

మార్చి 28, శనివారం
తుమ్ములు: 8

కొత్త టైంటేబుల్ మొదటిరోజు. శనివారమైనా సెక్షన్ అంతా హాజరు. మినెజుకా ప్లాట్‌ఫాం మీద బ్యాండు వాయించారు. ఎక్స్‌ప్రెస్ ఇరవైతొమ్మిది నిమిషాలకి చేరింది, సెకను తేడా లేదు. తర్వాత ఓతోబాషిలో నిమిషం నలభై సెకన్లు నిలబడింది. అక్కడ బ్యాండు పెట్టలేదు.

ఇంటికి లోకల్లో వచ్చాను. ముప్ఫైఎనిమిది నిమిషాలు. ఉనొహారాలో మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఎక్స్‌ప్రెస్ ఊరంతా అదిరేట్టు దూసుకుపోయింది. దుకాణంలో గరిటెలు గలగలమన్నాయి.

పిడుగు పడ్డప్పుడు మా వైపు "కువబారా, కువబారా" అనుకుంటారు, పిడుగు మన మీద పడకుండా. చిన్నప్పుడు ఉరిమితే చాలు, బడిలో అందరూ నా ఇంటిపేరే పట్టుకునేవాళ్లు.

పెద్దమ్మ చెవులు మూసుకుని "కువబారా, కువబారా!" అంది. నన్ను ఇంకా చూడలేదు. చూశాక ఒక్క క్షణం ఆగి, కావాలనే మళ్లీ అంది. పక్కన వడగిన్నె పట్టుకున్న సుమియెకి నవ్వు వచ్చింది. ఆపుకోవాలనుకుంది కానీ ఆగలేదు. ఆవిడ ఇంటిపేరు కూడా అదే.

"ఒక కొరోకే ఇవ్వండి పెద్దమ్మా" అన్నాను.

"ఇదిగోండి సార్" అంది. అబ్బాయ్ అనలేదు. చితికినది కాదు, మంచిదే ఇచ్చింది. చిల్లర చేతిలో పెట్టకుండా పళ్లెంలో పెట్టింది.

దుకాణం ఆగస్టు దాకా చూసి మూసేస్తారట. సుమియె చెప్పలేదు, తాళాల కొట్టాయన చెప్పాడు. వంగకుండా చెప్పాడు.

ఏప్రిల్ 1, బుధవారం
తుమ్ములు: 7

సెక్షన్ హెడ్ అయ్యాను. ఇవాళ నా పక్క గడిలో ఒక కొత్త డిప్యూటీ ముద్ర నాకు వంగింది. పన్నెండు డిగ్రీలుంటుంది. నేర్చుకుంటాడు.

ఏప్రిల్ 4, శనివారం
తుమ్ములు: 3

పుప్పొడి కాలం అయిపోవస్తోంది. సోమవారం మందులకి వెళ్తానని, అంకెల కాగితం సిద్ధంగా ఉంచమని సుమియె చెప్పింది. ఈమధ్య ఆవిడ నాతో మాట్లాడేది మందులు, బట్టలు, వాన గురించే. పొద్దుటిపూట ఆఫీసుకి వెళ్లి వస్తూ లోకల్లో కూర్చుని ఎక్కించడం మొదలుపెట్టాను.

జనవరి 19: 0. జనవరి 22: 0. ఫిబ్రవరి 3: 1. అలా వెళ్తూ ఫిబ్రవరి 16: 5 రాశాను. తర్వాత ఫిబ్రవరి 17.

సున్నా.

ఆ పేజీ రెండుసార్లు చదివాను. చలి వాన. మాస్కు పెట్టుకోలేదు. చుట్టూ ఎవరూ లేరు. ముద్ర వేశాను, నిలువుగా పడింది. తుమ్ము అన్న మాటే లేదు. ఆ మాట మొదటిసారి వచ్చింది మర్నాడు, మెట్ల దగ్గర, నగకురా ముందు.

అంటే ఆరోజు నాకు తుమ్ము రాలేదు. వేయాలని వేశాను.

అప్పుడు ఉనొహారాకి ఇంకా రెండు స్టేషన్లుంది. ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి లోకల్ నాలుగు నిమిషాలు ఆగింది. ఈ పేజీ తెరిచి సుమియె ముందు పెట్టాలనిపించింది. చూడు, అది తుమ్ము కాదు, నేనే, నువ్వు చెయ్యి పట్టుకున్నది నా చెయ్యే అని చెప్పాలనిపించింది. సంతోషిస్తుంది. ఒక నిమిషం సంతోషిస్తుంది. తర్వాత పేజీలు తిప్పుతుంది. మార్చి 11 దగ్గర ఆగుతుంది.

నిలబడటం చేతకానివాడు వంగితే జాలిపడి వదిలేస్తారు. చేతనయినవాడు వంగితే ఏమంటారో నాకు తెలుసు. అది ఆవిడ నోట వినలేను. తుమ్ముల మొగుడిగా ఉంటేనే ఇంట్లో కాస్త చోటుంటుంది.

ఎక్స్‌ప్రెస్ పక్క పట్టా మీద దూసుకుపోయింది. మా బండి ఇంకా కదల్లేదు. కలం తీసి, సుమియె చేతుల మీదుగా డాక్టరుకి వెళ్లే కాగితంలో ఆ సున్నాకి ఎడమపక్క ఒకటి వేశాను. ఫిబ్రవరి 17: 10. ఇప్పుడు అన్నీ సరిపోయాయి.

బండి కుదుపుకి కాబోలు, ఆ ఒకటి కొంచెం ఎడమకి వంగింది. పదిహేను డిగ్రీలు ఉంటుంది.